మూడో హాల్లో సైరన్

ఫెర్రీ ముందు తలుపు పైకి లేచి మూసుకుంది, ఇక ముప్పై అయిదు నిమిషాలు నేను చేయగలిగింది ఏమీ లేదు. బండి ఆపేశాను, చేతిబ్రేకు లాగాను, అయినా స్టీరింగ్ వదల్లేదు, వదిలితే ఈ చేతులు దేన్నో ఒకదాన్ని పగలగొడతాయి. ఎదుట పాల లారీ, దాని వెనక తలుపుల మీద నవ్వుతున్న ఆవు బొమ్మ. ఆ మూతి మీద ఒక్క గుద్దు గుద్దాలనుంది. ఫిబ్రవరి, ఉదయం పదకొండు, బయట ఫ్యోర్డులో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, నీళ్లు సీసం రంగులో ఉన్నాయి. ఈ పడవలకు బ్యాటరీలు పెట్టాక చప్పుడు కూడా పోయింది, కదులుతోందో లేదో తెలియదు. పాత డీజిల్ ఫెర్రీ అయితే ఆ రొదలో గొంతు చించుకుని అరిచినా ఎవరికీ వినపడేది కాదు. తొమ్మిదిన్నరకు దీవిలోని చేపల పెంపకం ఫ్యాక్టరీలో, ఒకప్పుడు నాతో పనిచేసిన రిమాంతస్ మూడో హాలు కింద మడ్డి గుంటలోకి దిగాడు, ప్రతి గురువారం దిగినట్టే, చేపల రెట్ట ఎత్తిపోయడానికి. గుంటలో గాలి ఆడించే ఫ్యాన్ ఆగిపోయి ఉంది. ఆఫీసు కంప్యూటర్ తెర మీద మాత్రం తిరుగుతూనే ఉంది. మడ్డిలోంచి గ్యాసు లేచింది, ఆ కుళ్లుగుడ్ల గ్యాసు, కొంచెం ఉంటే కంపు, ఎక్కువైతే కంపు కూడా ఉండదు, ముక్కునే ముందు చంపుతుంది గనక. అప్పుడు సైరన్ మోగాలి. మోగలేదు. పదకొండు నిమిషాలకు ఎవరో మూత తెరిచి ఉండటం చూసి, గొంతు చించుకుని, నడుం పట్టీకి కొక్కెం తగిలించి బయటికి లాగారు. హెలికాప్టర్ బెర్గెన్ తీసుకెళ్లింది. బతికాడో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.

"ముందు ఫ్యాన్ చంపారు, ఆపైన సైరన్ కూడా చంపారు యోరున్" అని అరిచాడు తోర్గేర్ పొద్దున ఫోనులో, ఒకప్పటి నా మేనేజరు, ఇప్పుడు మా కంపెనీ ఎవరి కంప్యూటర్లకు కాపలా కాస్తోందో ఆ చేపల ఫ్యాక్టరీకి పెద్ద. "సైరన్! మనిషి ప్రాణం కాపాడేదాన్ని! ఆ హ్యాకర్ నా కొడుకుల్లో ఒక్కడు దొరకనీ, వాడి తల తొట్టిలో ముంచి పట్టుకుంటా, బుడగలు ఆగేదాకా పట్టుకుంటా." వస్తున్నా అన్నాను. "నువ్వొస్తే చాలు. నీకు మా హాలూ తెలుసు, ఆ దొంగల వేషాలూ తెలుసు. నీలాంటిది మాకింకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు. దొరకదు తోర్గేర్, నిజంగానే దొరకదు.

ఎందుకంటే ఆ సైరన్‌ని ప్రపంచంలో ఏ హ్యాకరూ చంపలేడు. దానికి నెట్ లేదు, కంప్యూటర్ లేదు, పాస్‌వర్డ్ లేదు. గుంటలో గ్యాసు పసిగట్టే చిన్న బిళ్ల, గోడ మీద పెట్టె, పెట్టె నుంచి పైనున్న సైరన్‌కి రెండు తీగలు, అంతే. ఆ రెండింట్లో ఒకదాన్ని అయిదేళ్ల కిందట ఏప్రిల్లో నేను కోశాను. చేప రెక్క అంచు కత్తిరించే చిన్న కత్తెరతో కోశాను. నిచ్చెన పట్టుకున్నది రిమాంతస్. మూడో హాలు నేల ఎప్పుడూ తడి, జారుడు, కింద మనిషి పట్టుకోకపోతే నిచ్చెన నిలవదు. "ఆరు వారాలేగా డాక్టరమ్మా?" అన్నాడు కిందనుంచి, ఆ లిథువేనియా యాసలో. "ఆరు వారాలే రిమా, నా ప్రయోగం అవగానే నేనే కలిపేస్తా." కలపలేదు. మరిచిపోయాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, బస్సులో గొడుగు మరిచిపోయినట్టు.

ఆ సైరన్ కూడా ఊరికే పెట్టింది కాదు. దానికి ముందు ఏడాది ఒక పొద్దున ఇదే గ్యాసు నీళ్లలో కలిసి ఎనభై వేల సాల్మన్ పిల్లలు చచ్చాయి, మేం తలుపు తీసేసరికి తొట్టి అంతా తెల్లటి పొట్టలు. సగం చచ్చినవి నోళ్లు తెరుచుకుని గిలగిలా కొట్టుకుంటున్నాయి, వాటిని అలా వదిలేయకూడదని రూలు, ఒక్కొక్కటి తీసి కర్రతో నెత్తిన కొట్టాలి. రెండు రోజులు కొట్టాం నేనూ రిమాంతస్. నా కుడిచెయ్యి భుజందాకా వాచింది. రెండో రోజు సాయంత్రం రిమా ఏడ్చాడు, కొడుతూనే ఏడ్చాడు, చీమిడి తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. నేను ఏడవలేదు, ఎన్ని కొట్టానో లెక్క రాసుకున్నాను, నేను సైన్సు చదివినదాన్ని మరి. తరవాత తోర్గేర్ సైరన్ పెట్టించాడు. అది వారానికి మూడుసార్లు ఉత్త పుణ్యానికి కూసేది, ఆవిరి తగిలినా కూసేది, మనిషి తుమ్మినా కూస్తుందని నవ్వుకునేవాళ్లం. కూసినప్పుడల్లా ఇరవై వేల చేపలు ఒక్కసారిగా బెదిరి వెళ్లి గోడకు కొట్టుకునేవి, మూతులు పగిలేవి, పొలుసులు రాలి నీళ్లు మెరిసేవి. నా పరిశోధన ఏమో చేపల బెదురు మీద. ప్రశాంతంగా పెరిగిన చేప ఎలా ఉంటుంది అని. ఆరు వారాల ప్రశాంతత కావాలి నాకు, మూడేళ్ల చదువు దానిమీద నిలబడి ఉంది. అందుకని కోశాను. కోసిన రోజు హాల్లో ఎంత హాయిగా ఉందో! పంపుల గురగుర, నీళ్ల చప్పుడు, చేపలన్నీ ఒకే వైపుకు తలలు పెట్టి గుండ్రంగా ఈదడం. సిద్ధాంత గ్రంథంలో దాన్ని గురించి ఒక్క వాక్యం రాశాను. హాలులో శబ్దం తగ్గించబడినది. ఎవరు తగ్గించారు, దేంతో, ఏ కత్తెరతో, ఎవరూ అడగలేదు. హాల్లోవాళ్లు కూడా ఉత్త కూతలు తప్పాయని సంతోషించారే గాని ఎందుకు తప్పాయని అడగలేదు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ముగ్గురు కూచుని చదివి, బాగుందమ్మా అని చెయ్యి కలిపారు.

బండిలో కూచోలేకపోయాను. దిగి లారీల సందులోంచి ముందుకు నడిచి గొలుసు దాటాను, తలుపు దగ్గర గాలి కోస్తోంది. పసుపు కోటు వేసుకున్న డెక్కు మనిషి పరిగెత్తుకొచ్చాడు. "ఏమమ్మా, కళ్లు కనపడటం లేదా? గొలుసు ఎందుకు కట్టాం, బట్టలారేసుకోవడానికా?" అన్నాడు. "వెనక్కి పో" అన్నాను. "పోవాల్సింది నువ్వు. పైకెళ్లి కాఫీ తాగు, వేడిగా అట్టు తిను, పడవ నీకోసం ఎగిరిపోదు." వాడి మొహం ఎర్రగా, మంచిగా ఉంది, మా నాన్న మొహంలాగే. కొడదామని చెయ్యి లేచింది. నిజంగా లేచింది, భుజందాకా. వాడు దాన్ని చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, మెల్లగా అన్నాడు, "దీవిలో ఎవరైనా పోయారా?" తెలియదు, ఇంకా తెలియదు అన్నాను. వాడు టోపీ తీశాడు. ఆ టోపీ తీయడం భరించలేకపోయాను, పైకి పోయాను, అట్టు కొన్నాను, మధ్యలో గోధుమరంగు చీజు, ఒక ముక్క కొరికి కాగితంలో ఉమ్మేశాను.

నా చేతులు కొట్టడానికే పుట్టాయి. నాన్న కాడ్ చేపల పడవలో పట్టిన చేపను పట్టినట్టే అంచుకేసి కొట్టేవాడు, టప్, ఒకటే దెబ్బ. తొమ్మిదేళ్లప్పుడు నా చేతికి ఇచ్చాడు. కొట్టలేక, జాలిపడి, మెల్లగా కొట్టాను, అది చావక నా చేతిలో మెలికలు తిరిగింది. నాన్న చెంప ఛెళ్లుమనిపించాడు. "జాలుంటే గట్టిగా కొట్టు. మెల్లగా కొట్టేది జాలి కాదే, పిరికితనం" అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ మెల్లగా కొట్టలేదు నేను. యూనివర్సిటీలో అందరికంటే శుభ్రంగా చంపేది నేనే, ప్రయోగం రోజున కుర్రకారు పారిపోయేవాళ్లు, యోరున్‌ని పిలవండి అనేవాళ్లు. చంపి, రక్తం తీసి, బుర్ర తెరిచి, అంకెలు రాసి. ముప్పై ఆరో ఏట పట్టా చేతికొచ్చాక ఒక పొద్దున కర్ర పట్టుకుని తొట్టి ముందు నిలబడితే చెయ్యి లేవలేదు. భయం కాదు, జాలీ కాదు, విసుగు. ఇంకెన్ని? ఆ రోజే మానేశాను.

"చేపల్ని వదిలేసి దొంగల్ని పడతావా?" అని పగలబడి నవ్వాడు తోర్గేర్, క్యాంటీన్లో అందరి ముందూ. "చేపకు కాళ్లు లేకే నీకు దొరికింది డాక్టరమ్మా. దొంగకు కాళ్లుంటాయి." నాన్నయితే, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలోనే తేలతాడని ఫోను పెట్టేశాడు. పెట్టుకోనీ. బెర్గెన్లో కంప్యూటర్ దొంగల్ని పట్టడం నేర్పే ఏడాది కోర్సు, తరగతిలో నా పక్కన ఇరవై ఏళ్లవాళ్లు, వేళ్లు కీబోర్డు మీద ఎలకల్లా పరిగెత్తేవి, నేను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేదాన్ని. చేపలత్తా అని పేరు పెట్టారు. ఒకరోజు లక్ష లైన్ల లాగ్ ఫైలు, కంప్యూటర్లో జరిగినదంతా వరసగా రాసుండే చిట్టా, ఇచ్చి ఇందులో దొంగ ఎక్కడున్నాడో చెప్పమన్నారు. వాళ్లు ప్రోగ్రాములు రాస్తున్నారు. నేను ఊరికే చూస్తూ కూచున్నాను, తొట్టిని చూసినట్టు. ఇరవై వేల చేపలు ఒకే వైపు ఈదుతుంటే ఎదురు తిరిగినదొకటి ఎక్కడున్నా కంటికి తగులుతుంది, దానికి జబ్బు ఉన్నట్టే లెక్క. నలభై నిమిషాలకు వేలు పెట్టి చూపించాను, ఇదీ అని. సున్నీవా, ఇప్పటి మా కంపెనీ పెద్ద, అక్కడే ఉద్యోగం ఇచ్చింది. "కోడు రాసేవాళ్లు నాకు బోలెడుమంది. జబ్బు చేపను పసిగట్టేది నువ్వొక్కతివే" అంది. ఎంత పొంగిపోయానో. ఆ కోర్సులో మొదటి పాఠం ఏమిటో తెలుసా? బయటి దొంగకంటే లోపలివాడితోనే ముప్పు ఎక్కువ అని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. అందరూ రాసుకున్నాం, నేను కింద గీత కూడా గీశాను.

ఆ హ్యాకర్లను తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ఫ్యాన్లు అమ్మినవాళ్లు దూరం నుంచే మరమ్మతు చేయడానికి ఉంచుకున్న దొడ్డిదారి ఒకటి ఉంది, అందులోంచి దూరారు, పోయిన వారం తెర మీద కనిపించినదాన్ని దాచుకుని ఇవాళ దాన్నే తిప్పి తిప్పి చూపించారు. ఎక్కడో వెచ్చటి గదిలో కాళ్లు చాపుకుని కూచుని, ఏదో నములుతూ. దొరికితే నాకు తుపాకీ అక్కర్లేదు, ఆ పాత కర్ర చాలు. నుదుటికి కాస్త పైన, చెవులకు మధ్య, ఎక్కడ కొట్టాలో నాకు తెలుసు. ఒకటి, మరొకటి, ఎముక చిట్లిన చప్పుడు వినపడేదాకా, అది విన్నాక ఇంకొకటి. కొట్టి వెనక్కి తిప్పి చూస్తే ఆ మొహం నాదే అవుతుందని తెలుసు, తెలిసీ కొడుతున్నాను మనసులో, ఫెర్రీ మెట్ల మీద నిలబడి, పిడికిలి బిగించి. వాళ్లు ఫ్యానే ఆపారు. ఫ్యాన్ ఆగితే మనిషి చావడు, సైరన్ కూస్తుంది, మనిషి తిట్టుకుంటూ పైకెక్కుతాడు, బయటికొచ్చి సిగరెట్టు వెలిగిస్తాడు. వాళ్లు సగమే చంపారు. మిగతా సగం అయిదేళ్ల ముందే నేను చంపి పెట్టాను.

మళ్లీ బండిలో కూచున్నాను. ఫోను మోగింది, ఆసుపత్రి కాదు, సున్నీవా. "పోలీసులూ కార్మిక తనిఖీవాళ్లూ మధ్యాహ్నానికి వస్తున్నారట. నీ తొలి నివేదిక వాళ్లకంటే ముందు కావాలి నాకు. సైరన్ కూడా వాళ్ల పనేనా?" అంది. చూడాలి అన్నాను. "తోర్గేర్ అవునంటున్నాడుగా. ఒక్క వాక్యం చాలు, సైరన్ నిష్క్రియం చేయబడినది అని." ఒక్క వాక్యం. నాకు బాగా చేతనైన వాక్యం. సరే అన్నాను, సరే అని నోరు దానంతటదే అంది. ఎవరు పట్టుకుంటారు? హాలు గురించి తెలిసిన నిపుణురాలిని నేనే, దొంగల గురించి తెలిసిన నిపుణురాలినీ నేనే, పైన సంతకం నాదే. పోలీసులొచ్చేలోపు నిచ్చెన ఎక్కి తీగ కలిపేస్తే అసలు కోతే లేదు. ఇంక తెలిసినవాడు ఒక్కడే, నిచ్చెన పట్టుకున్నవాడు.

వాడు లేవకపోతే.

అనుకున్నాను. దాచను, అనుకున్నాను. రిమా కళ్లు తెరవకపోతే బాగుండు అని, ఇంత స్పష్టంగా, పూర్తి వాక్యంగా. నా పుట్టినరోజుకు ఎర్రముల్లంగి, మజ్జిగ వేసి గులాబీరంగు సూపు చేసుకొచ్చిన మనిషి. నా వాచిన భుజానికి తన ఇంట్లోంచి పంది కొవ్వు తెచ్చి రుద్దినవాడు. వాడి నెత్తిన కర్ర ఎత్తాను నేను, మెల్లగా కాదు, గట్టిగానే. తల తీసుకెళ్లి స్టీరింగ్‌కేసి కొట్టుకున్నాను, హారన్ మోగింది, ముందు లారీవాడు అద్దంలోంచి చేతులు తిప్పాడు, పిచ్చా అని. ఇంకొకటి కూడా చెప్పాలి, అబద్ధంలోనే మొదలుపెట్టాను గనక. మరిచిపోలేదు నేను. పోయిన అక్టోబరులో మా కంపెనీ కాపలా తెరలు పెట్టడానికి వెళ్లినప్పుడు అదే హాల్లో, అదే పెట్టె కింద నిలబడ్డాను. పెట్టె మీద ఎవరివో వానకోట్లు తగిలించి ఉన్నాయి. గుర్తొచ్చింది. నిచ్చెన ఎక్కడుందని చుట్టూ చూశాను. తోర్గేర్ పిలిచాడు, పైన అందరూ ఎదురు చూస్తున్నారు, కొత్త తెరల గురించి మాట్లాడాలి. సర్లే, ఈసారి వచ్చినప్పుడు అనుకున్నాను. పైకెళ్లి చెప్పాను, ఇకనుంచి గుంటలోకి ఒకరు దిగితే పైన ఒకరు కాపలా ఉండక్కర్లేదు, తెర చూసుకుంటుంది, పైగా సైరన్ ఎలాగూ ఉంది అని. ఆ మాట నా నోటితో అన్నాను. అందరూ తలలూపారు, తోర్గేర్ కేకు కోశాడు.

ఫెర్రీ రేవుకు తగిలింది. తలుపు దిగింది. నవ్వే ఆవు కదిలింది, దాని వెనకే నేను. తోర్గేర్ రేవులోనే నిలబడి ఉన్నాడు, టోపీ లేదు, నెరిసిన జుట్టు గాలికి లేచిపోయింది. ఆగకముందే తలుపు లాగి పక్కన కూలబడ్డాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. నేను బండి రోడ్డెక్కించాను.

"లేచాడు" అన్నాడు. "ఇప్పుడే ఫోను చేశారు ఆసుపత్రి నుంచి. కళ్లు తెరిచాడు, మాట్లాడాడు." రెండు చేతులతో మొహం కప్పుకుని కుమిలిపోయాడు, అరవై ఏళ్ల మనిషి, ఎద్దులాంటి మనిషి. బండి రోడ్డు పక్కకు పోయింది, లాగి దారిలో పెట్టాను. "గ్యాసు బుర్రకెక్కిందో ఏమో, వాగుతున్నాడట. సైరన్ ఎందుకు మోగలేదు, మోగి ఉండాలే, యోరున్ కలిపేసింది కదా, కలిపేస్తానంది కదా అని అదే మాట. నర్సు అడుగుతోంది యోరున్ ఎవరని. ఏం కలిపావు నువ్వు?"

పిచ్చివాగుడే అనొచ్చు. తనే నా నోట్లో పెట్టాడు ఆ మాట. ఆ గ్యాసు నిజంగానే బుర్ర తింటుంది, నేనే చెబితే ఎవరు కాదంటారు, డాక్టరమ్మను కదా. "పద, చూపిస్తా" అన్నాను.

మూడో హాల్లో ఎవరూ లేరు. మంటలార్పేవాళ్లు గుంట మూతకు అడ్డంగా పట్టీ కట్టిపోయారు, గ్యాసు ముసుగులు వేసుకునే లోపలికి వెళ్లమన్నారు, వేసుకునే వెళ్లాం, గ్యాసు ఇంకా పూర్తిగా పోలేదట. పోలీసులొచ్చేదాకా ఏదీ ముట్టుకోకూడదని నా కోర్సులోనే చెప్పారు, అయినా వానకోట్లు తీసి నేల మీద పడేశాను. పెట్టె మీద ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటోంది, ఎన్ని గంటలుగా అంటోందో, కోట్ల కింద. "నిచ్చెన పట్టుకో" అన్నాను. తోర్గేర్ పట్టుకున్నాడు, రిమా పట్టుకున్నట్టే, రెండు చేతులతో, బూటు మొదటి మెట్టుకు అదిమి. ఎక్కాను. తీగ కొసలు రెండూ అక్కడే ఉన్నాయి, పచ్చగా చిలుము పట్టి, నా కత్తెర కోత శుభ్రంగా, ఏటవాలుగా. గోటితో చిలుము గీకాను, గోరు విరిగి రక్తం వచ్చింది, రెండూ కలిపి మెలిపెట్టాను.

కూసింది. దేవుడా, ఎంత గట్టిగా కూసింది! తొట్లన్నీ ఒక్కసారిగా పగిలినట్టయింది, వేల చేపలు గోడలకేసి కొట్టుకుంటున్నాయి, కొన్ని గాల్లోకి ఎగిరి సిమెంటు మీద పడి తన్నుకుంటున్నాయి, ఒకటి తోర్గేర్ భుజానికి తగిలి జారింది. నా వేళ్లు తీగ వదల్లేదు. అతను తల ఎత్తి నన్ను చూస్తున్నాడు, ముసుగు అద్దం వెనక కళ్లు ఇంతింత చేసుకుని. హ్యాకర్లు చంపిన సైరన్‌ని ఒక ఆడది గోటితో బతికించింది, అది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. అయినా చెప్పాను. ముసుగు కిందికి లాగేసి చెప్పాను, నేను కోశాను తోర్గేర్, నేనే కోశాను, అక్టోబరులో గుర్తొచ్చి కూడా కలపలేదు. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. అతను నా పెదవులు చూసి పోల్చుకునేదాకా అదే మాట అంటూ ఉన్నాను.

అప్పుడు అతను నిచ్చెన వదిలేశాడు.